బ్యాచిలర్స్‌కి ఇల్లు ఇవ్వం అంటున్నారు అక్కా, ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. సీపీగెట్ (పీజీ ఎంట్రన్స్) రాసి హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) క్యాంపస్‌లో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నా. హాస్టల్ ఇంకా అలాట్ కాలేదు, ఎప్పుడవుతుందో ఎవరూ చెప్పట్లేదు. నాతోపాటు ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ ఉన్నారు. పది రోజుల్నుంచి తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ అన్నీ తిరుగుతున్నాం, టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ముందు అడిగేది ఫ్యామిలీయా బ్యాచిలర్సా అని, బ్యాచిలర్స్ అనగానే ఫోన్ పెట్టేస్తున్నారు. నిన్న ఆన్‌లైన్‌లో ఫ్లాట్ ఫొటోలు చూసి ఒకాయనకి ఫోన్ చేస్తే సరే ఇస్తా అన్నాడు. డబుల్ బెడ్రూమ్, తార్నాక మెట్రో పక్కనే, 11 వేలేనంట. కాకపోతే ఆయన వేరే ఊళ్లో ఉన్నాడంట, 5 వేలు టోకెన్ పంపిస్తే ఇల్లు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతా, తాళాలు వాచ్‌మన్ ఇస్తాడు అంటున్నాడు. పంపమంటారా? మా నాన్న కౌలు రైతు అక్కా, ఈ డబ్బులు పోతే మళ్లీ అడగలేను.
- ఒక విద్యార్థి, ఖమ్మం జిల్లా

జవాబు: పంపొద్దు తమ్ముడూ. ఒక్క రూపాయి కూడా పంపొద్దు. మెట్రో పక్కన డబుల్ బెడ్రూమ్ అంత తక్కువకి ఇస్తానంటున్నాడు, బ్యాచిలర్స్ అయినా పర్లేదంటున్నాడు, మనిషి మాత్రం కనపడడు. ఈ మూడూ ఒక్కచోట కలిశాయంటే మోసమే అనుకుని వదిలెయ్. ఇలాంటివాళ్లు మిలిటరీలో పనిచేస్తున్నాం ట్రాన్స్‌ఫర్ అయింది అని ఐడీ కార్డు ఫొటో కూడా పంపిస్తారు, ముందు టోకెన్ అంటారు, తర్వాత గేట్ పాస్ అంటారు, ఆ తర్వాత నీ డబ్బులు వెనక్కి పంపిస్తా క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు అంటారు. మన అకౌంట్లోకి డబ్బులు రావాలంటే పిన్ కొట్టే పనే ఉండదు, పిన్ కొట్టావంటే మన డబ్బులు పోతున్నట్టే. ఒకవేళ ఇది చదివేలోపే పంపేసి ఉంటే నాన్న తిడతాడని దాచిపెట్టుకోకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వు. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

నీ ఉత్తరంలో నన్ను పట్టేసిన మాట ఏంటంటే 'సరే ఇస్తా అన్నాడు'. పది ఇళ్ల దగ్గర లేదు పొమ్మన్నాక పదకొండో ఇంటాయన సరే అంటే ఇంక మనకి నోరు రాదు, ఏదన్నా అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటారో అని భయం. నేను పీజీ చేసేటప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ముగ్గురం అమ్మాయిలం, నల్లకుంటలో వెనక వైపు పోర్షన్, ఓనర్ ఆంటీ ఇస్తానన్నదే మహాభాగ్యం అనుకుని ఆ సాయంత్రమే రెండు నెలల అడ్వాన్స్ చేతిలో పెట్టేశాం, రసీదు లేదు, కాగితం లేదు. ఖాళీ చేసేరోజు ఆవిడ గోడల దగ్గరికి తీసుకెళ్లి మేకుల బొక్కలు ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టి చూపించి, పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంది. ఆ మేకులు మేం చేరేటప్పటికే ఉన్నాయి, వాటికే మా బట్టలు తగిలించుకునేవాళ్లం. కానీ ఎలా చూపిస్తాం, ఒక్క ఫొటో కూడా లేదు కదా. ఆ నెల మెస్సు డబ్బులు ఎలా కట్టామో మాకే తెలుసు. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నా.

ఇంక వెతకడం సంగతి. ఫోన్లో వెతకడం తగ్గించి ముందు మీ డిపార్ట్‌మెంట్ సీనియర్ల దగ్గరికి వెళ్లు. ఓయూ చుట్టుపక్కల చాలా పోర్షన్లు బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి చేతులు మారుతూనే ఉంటాయి, బోర్డు దాకా రావు, ఫైనలియర్ వాళ్లు ఖాళీ చేసేటప్పుడు వీళ్లు మా జూనియర్లు అని ఒక మాట చెబితే ఓనర్ మిమ్మల్ని ఫ్యామిలీయా అని కూడా అడగడు. అది కుదరకపోతే గల్లీల్లో నడవాలి. కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, కర్రీ పాయింట్, వీళ్లకి తెలిసినట్టు ఏ ఇల్లు ఖాళీ అవుతుందో బ్రోకర్లకి కూడా తెలియదు. అడిక్‌మెట్, సీతాఫల్‌మండి, వారాసిగూడ, రామంతపూర్ వైపు కూడా చూడు, అన్నీ తార్నాక మెయిన్ రోడ్డు మీదే ఉండాలని లేదు. విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి వరసగా ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్లే, కాకపోతే రైలు టైమింగ్స్ చూసుకుని మరీ దాన్ని నమ్ముకో. బ్రోకర్ దగ్గరికి వెళ్తే ఇల్లు కుదిరాకే కమిషన్, ఇళ్లు చూపించడానికే ముందు ఫీజు కట్టమంటే లేచి వచ్చెయ్.

ఇంకో సంగతి, ఆషాఢంలో ఫ్యామిలీలు ఇల్లు మారవు. కొత్త ఇంట్లో పాలు పొంగించాలంటే శ్రావణం రావాలంటారు, అప్పటిదాకా ఖాళీగా ఉన్న పోర్షన్ ఓనర్‌కి అద్దె పోతున్నట్టే కదా. మామూలప్పుడు బ్యాచిలర్స్ వద్దనేవాళ్లు కూడా అప్పుడు కొంచెం మెత్తబడతారు, అద్దె కూడా బేరమాడొచ్చు. ఈ ఏడాదికి దాటిపోయినా వచ్చే ఏడాది ఇల్లు మారాల్సొస్తే గుర్తుపెట్టుకో.

కొన్ని ఇళ్ల దగ్గర ఊరేది, పేరేంటి అని మొదలుపెట్టి ఇంటిపేరు దాకా వచ్చి చివరికి 'మీరేంట్లు బాబూ' అని అడుగుతారు, కొంతమందికి పేరు చెబితే చాలు, ఇల్లు ఖాళీ లేదైపోతుంది. ఇది తప్పు, నూటికి నూరుపాళ్లు తప్పు, అద్దె కట్టేవాడి కులంతో మతంతో గోడలకి పనేంటి. అబద్ధం చెప్పి చేరమని మాత్రం నీకు చెప్పను, ఎందుకంటే తర్వాత రోజూ ఆ ఇంట్లో భయంభయంగా బతకాలి. నీలో లోపం ఉందని మాత్రం ఒక్క క్షణం కూడా అనుకోకు. ఆ ఇల్లు దాటి పక్క గల్లీకి వెళ్లు, మనిషిని మనిషిలా చూసే ఓనర్లు కూడా ఇదే ఊళ్లో ఉన్నారు, నేను చూశాను.

ఇల్లు దొరికిందనుకో, రెండుసార్లు చూడు, పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి. లోపలికి వెళ్లగానే కిటికీలూ టైల్సూ చూడకుండా నేరుగా బాత్రూంలోకి వెళ్లు. కుళాయి అడుగున తెల్లగా గార కట్టి ఉందంటే అది బోరు నీళ్లు, దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతుంది. మంజీరా కనెక్షన్ ఉందా, రోజు విడిచి రోజు వస్తాయా, ఎంతసేపు వస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తే ఆ డబ్బులు ఎవరివి, ఇవన్నీ అడుగు. (కుళాయిలో వచ్చేవి కృష్ణా నీళ్లైనా గోదావరి నీళ్లైనా హైదరాబాద్‌లో వాటి పేరు మంజీరానే, నువ్వూ అలాగే అడుగు, అర్థమవుతుంది.) ఈ ప్రశ్నలకి ఓనర్ చెప్పిన జవాబు విని, కిందికి దిగి పక్క పోర్షన్ వాళ్లని కూడా అవే అడుగు. టెర్రస్ మీద పెంట్‌హౌస్ అని ఒక గది చూపిస్తారు, గాలి బాగుంటుంది అద్దె తక్కువ, కానీ పైన రేకులైతే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుని చదవడం నీ వల్ల కాదు. గోడ మీద ఒక్క మూల మాత్రమే కొత్త పెయింట్ ఉంటే అక్కడ చెయ్యి పెట్టి చూడు, చల్లగా తగిలితే లోపల చెమ్మ ఉంది, వర్షాకాలంలో పెచ్చులూడి నీ పుస్తకాల మీదే పడతాయి.

కరెంట్ మీటర్ మీ పోర్షన్‌కి విడిగా ఉందా లేదా కచ్చితంగా తెలుసుకో. రెండు మూడు పోర్షన్లకి ఒకే మీటరైతే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి వెళ్లి రేటు పెరుగుతుంది, అందరూ కలిసి ఎక్కువ కడతారు. సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కి ఇంత అని ఓనరే తీసుకుంటాడంటే ఎంతో ముందే అడిగి రాసుకో. చేరిన రోజు రీడింగ్ ఫొటో తీసుకో.

అడ్వాన్స్ మన దగ్గర పోర్షన్లకి మామూలుగా రెండు నెలలు, కొంతమంది మూడు అడుగుతారు. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో కూడా ఇళ్లకి రెండు నెలల అద్దె మించకూడదనే ఉంది, అయితే అది నమూనా చట్టమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి దాన్ని పట్టుకుని ఓనర్‌తో గొడవపడకు, మర్యాదగా మాట్లాడుకోవడానికి వాడుకో. డబ్బు మాత్రం చేతికివ్వకు, బ్యాంకు నుంచో యూపీఐ నుంచో పంపి అడ్వాన్స్ అని రాయి. దానికంటే ముందు ఆయన నిజంగా ఓనరేనా అన్నది చూడు, కరెంట్ బిల్లు మీదో ఇంటి పన్ను రసీదు మీదో ఎవరి పేరుందో ఒకసారి చూపించమంటే తప్పేం లేదు. అద్దెకున్నవాడే ఓనర్‌నని చెప్పి అడ్వాన్స్ తీసుకుని వెళ్లిపోయిన కేసులు ఉన్నాయి.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకి రాస్తారు. స్టాంప్ పేపర్ మీద రెడీమేడ్‌గా టైప్ చేసింది తెచ్చి సంతకం పెట్టమంటారు, కూర్చుని చదువు. ఖాళీ చెయ్యాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, అద్దె ఎప్పుడు ఎంత పెంచుతారు, ఫ్రెండ్స్ వస్తే రాత్రి ఉండొచ్చా, ఇవన్నీ అందులో ఉండాలి. మీ ముగ్గురి పేర్లూ ఉండాలి, ఒక్కడి పేరే ఉంటే మిగతా ఇద్దరూ మధ్యలో వెళ్లిపోయినరోజు అద్దె మొత్తం ఆ ఒక్కడి నెత్తిన పడుతుంది. నీకైతే హాస్టల్ ఎప్పుడైనా రావొచ్చు కాబట్టి నోటీసు ఒక్క నెలకి మించకుండా ఒప్పించుకో. ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద 'ఇల్లు అద్దెకు మాత్రమే' అని రాసి తేదీ వెయ్. సామాను దింపకముందే గోడలూ తలుపులూ సింకూ గీజరూ అన్నీ వీడియో తీసి అదే రోజు ఓనర్‌కి వాట్సాప్ చెయ్. మా నల్లకుంట మేకుల కథ నీకు జరగకూడదు.

ప్రశ్న: మేడం, మా అమ్మాయికి జేఎన్టీయూలో సీటొచ్చింది. క్లాస్‌మేట్స్‌తో కలిసి అక్కడే కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీలో ఫ్లాట్ తీసుకుంటానంటోంది, మేమేమో హాస్టల్ అంటున్నాం. ఏది మంచిది?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మొదటి నాలుగైదు నెలలు హాస్టల్‌లో ఉంచండి. భయపడి చెప్పట్లేదు, ఆ పిల్లలకి ఒకళ్ల సంగతి ఒకళ్లకి ఇంకా తెలియదు, అప్పుడే 11 నెలల అగ్రిమెంట్‌లో ఇరుక్కుంటే వంట దగ్గరో గిన్నెల దగ్గరో మాటలు వచ్చి ఒకమ్మాయి వెళ్లిపోతే మిగతావాళ్లకి కష్టం. హాస్టల్‌కి కూడా అడ్వాన్స్ ఉంటుంది, మెయింటెనెన్స్ అని అందులోంచి ఎంత పట్టుకుంటారో చేరేముందే అడగండి, ఒక పూట అక్కడ భోజనం చేసి చూడండి. ఆ తర్వాత ఫ్లాట్ అంటే మీరు కాదనొద్దు. జేఎన్టీయూకి మెట్రో ఉంది, 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కూడా, కాబట్టి కాలేజీ గేటు ముందే ఎక్కువ అద్దెకి తీసుకోనక్కర్లేదు. స్టాప్ నుంచి ఇంటిదాకా ఉన్న దారి మాత్రం రాత్రి తొమ్మిదింటికి మీరు అమ్మాయితో కలిసి ఒకసారి నడిచి చూడండి, లైట్లు వెలుగుతున్నాయా, కొట్లు తెరిచి ఉన్నాయా అని. ఫ్లాట్ చూడ్డానికి మీరు వెళ్లినా ఓనర్‌తో మాట్లాడటం అమ్మాయికే వదిలెయ్యండి, మీరు పక్కన ఉంటే చాలు.