బ్లూస్ మౌత్ ఆర్గాన్: ముందు పీల్చడం నేర్చుకో

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మౌత్ ఆర్గాన్ మీద బ్లూస్, అదే అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం, నేర్చుకుంటానని రాశావు, చాలా సంతోషమేసింది. మీ ఇంట్లో ఉన్న రెండు వరసల మౌత్ ఆర్గాన్ సినిమా పాటలకు బాగుంటుంది గానీ, దాని మీద బ్లూస్‌కి కావలసినట్టు స్వరం వంగదు, అంటే నోటితో కిందికి జార్చలేం. పది రంధ్రాల డయాటోనిక్ (ఒకే శ్రుతికి చేసిన రకం) కొనుక్కో, సి శ్రుతిది. సి, డి, జి లాంటివి పాశ్చాత్య స్వరాల పేర్లు. లోపల చెక్క కాకుండా ప్లాస్టిక్ ఉన్నది తీసుకో, తడికి ఉబ్బదు.

సి వాద్యం మీద బ్లూస్‌ని ఎక్కువగా జి శ్రుతిలో వాయిస్తారు. ఒకటి నుంచి నాలుగు రంధ్రాలు కలిపి పీలిస్తే జి కార్డ్, అంటే జి మీద కలిసి పలికే స్వరాల గుంపు, వస్తుంది. పైగా ఆ కింది రంధ్రాల్లో వంగేవి పీల్చే స్వరాలే. అందుకే సాధనలో ఎక్కువ భాగం పీల్చడానికే ఇవ్వు.

రెండో రంధ్రం దగ్గర చాలామంది ఆగిపోతారు. పీలిస్తే మూలుగుతుంది, ఒక్కోసారి అసలు పలకదు. వాద్యం పాడైందని షాపుకి పట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు. రీడ్‌కి, అంటే లోపల పలికే లోహపు రేకుకి, ఏమీ కాదు, మనం గట్టిగా లాగడం వల్ల వచ్చే తంటా అది. రెండోది పీలిస్తే రావాల్సింది జి, మూడో రంధ్రం ఊదితే వచ్చేదీ అదే జి. దాన్ని చెవిలో నిలుపుకుని, దవడ వదులు చేసి, మామూలుగా ఊపిరి తీసుకున్నట్టు రెండోది పీల్చు. రెండూ ఒకేలా వినిపించేదాకా ముందుకు పోకు.

బెండింగ్, అదే స్వరాన్ని వంచడం, నాలుగో రంధ్రంతో మొదలుపెట్టు. పీలుస్తూనే, గొంతు కలపకుండా, నోటిని 'ఈ' నుంచి 'ఊ'కి మార్చు. నాలుక వెనక్కి జరిగేకొద్దీ స్వరం ఒక సెమిటోన్ (స్వరాల మధ్య అతి చిన్న మెట్టు) దిగుతుంది. బలం పెంచితే దిగదు, రీడ్ పాడవుతుంది. రెండో రంధ్రంలో రెండు సెమిటోన్లు, మూడో దాంట్లో మూడు దిగొచ్చు. ఆ మూడో రంధ్రంలోనే, బికీ, దానికి ఒక సెమిటోన్ కిందున్న బి ఫ్లాట్‌కీ నడుమ, బ్లూస్ వాళ్లకు ప్రాణమైన స్వరం ఉంది. మన గమకంలా దాన్ని విని పట్టుకోవాల్సిందే. నెలలు పడుతుంది, టెన్షన్ పడకు.

ఈలోగా లయ చూసుకో. కాలితో తాళం వేస్తూ పన్నెండు బార్లు (బారంటే నాలుగు దెబ్బల ఆవృత్తం): నాలుగు జి, రెండు సి, రెండు జి, ఒక డి, ఒక సి, మళ్లీ రెండు జి. జికి రెండోది పీల్చు, సికి నాలుగోది ఊదు, డికి అదే నాలుగోది పీల్చు. బారుకి ఒక్క స్వరం చాలు. పీల్చీ పీల్చీ ఛాతీ నిండిపోతుంది, సందు దొరికినప్పుడల్లా ముక్కుతో వదిలెయ్.

అమెరికా బ్లూస్ మౌత్ ఆర్గాన్ వాద్యకారుడు లిటిల్ వాల్టర్ 1952లో చేసిన 'జూక్' అనే వాద్య రికార్డు రోజూ విను. నీ సితో వెంట వాయించబోకు, అది ఎ వాద్యం మీద ఇ శ్రుతిలో ఉంది. ఎక్కడ వాయించాడో ఎంత గమనిస్తావో, ఎక్కడ ఆగాడో అంతే గమనించు.

తిన్న వెంటనే వాయించకు, నోరు పుక్కిలించాకే ముట్టుకో. అయిపోయాక రంధ్రాలు కిందికి పెట్టి అరచేతిలో తట్టు.

రెండో రంధ్రం సరిగ్గా పలికిన రోజున, మూడోది ఊదినదీ పక్కనే రికార్డు చేసి ఫోన్‌లో పంపు. విని చెబుతాను.

పెదనాన్న