విన్న మాట ఎక్కడ దాచాలి

విజయనగరం

అమ్మలూ,

శ్రీకాకుళంలో కౌన్సెలర్‌గా చేరుతున్నానని నువ్వు ఫోన్ చేసిన రాత్రి సంతోషంతో నాకు నిద్రపట్టలేదు. ఆ హడావిడిలో నాలుగు మాటలే చెప్పగలిగాను. ఇరవై రెండేళ్ళు ఈ పనిలో ఉన్నాను కదా, మొదట హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో, ఆ తర్వాత మానసిక విభాగంలో. చెప్పాల్సింది చాలా మిగిలిపోయిందనిపించి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇందులో వచ్చే మనుషుల ఊళ్ళు, వివరాలు మార్చాను.

ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చేది. బస్సెక్కితే ఊపిరాడదు, గుండె దడ, ఇక్కడే చచ్చిపోతానేమో అన్నంత భయం. మూడు నెలలు కష్టపడింది. ముందు బస్టాండు దాకా వెళ్ళి రావడం, తర్వాత ఒక్క స్టేజీ ప్రయాణం, అలా అలా కాలేజీ దాకా వెళ్ళగలిగింది. ఆ ఏడాది సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర, అంత జనంలో కనిపించింది. నాకు ఆనందం ఆగలేదు. "ఏమ్మా, భయం తగ్గిందా? మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగేశాను. పక్కనున్న పెద్దావిడ నన్నోసారి, ఆ పిల్లనోసారి చూసింది. కాబోయే అత్తగారని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి మళ్ళీ నా గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రేమతోనే అడిగానని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఆ పిల్ల మొహం వాడిపోయిన తీరు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

మన జిల్లాల్లో ఇద్దరు కలిస్తే మూడో మాటకి "మీరు ఎవరి తాలూకు?" అని అడుగుతారు. పెద్ద నగరంలో కౌన్సెలర్ ఎవరో, వచ్చినవాళ్ళెవరో ఎవరికీ పట్టదు. మన దగ్గర అలా కాదు. నీ గదిలో ఏడ్చిన మనిషి రేపు అరసవల్లి గుడి క్యూలో నీ ముందే నిలబడొచ్చు. అందుకని మొదటిరోజే చెప్పెయ్యి: "బయట కనిపిస్తే నేను మిమ్మల్ని పలకరించను. మీరు పలకరిస్తేనే పలుకుతాను. వేరేగా అనుకోకండి." ఈ మాట విన్నాక చాలామంది భుజాలు కిందికి దిగడం నేను చూశాను. అప్పటిదాకా ఆ భయంతోనే కూర్చుంటారు.

గుట్టు కాపాడటం మన మంచితనం మీద ఆధారపడిన విషయం కాదు, వాళ్ళ హక్కు. 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. కాబట్టి అటెండర్ అడిగినా, పెళ్ళి సంబంధం కోసం వాకబు చేసేవాళ్ళు అడిగినా, మీ అమ్మ అడిగినా "ఆవిడ వచ్చింది" అన్న మాట కూడా నీ నోట రాకూడదు. కేస్ షీటు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి సలహా అడిగేవాళ్ళని చూశాను. అది నువ్వు ఎన్నడూ చెయ్యొద్దు. కాగితాలు బీరువాలో, తాళం నీ దగ్గర.

కానీ అన్నీ దాచడానికి వీల్లేదు. ఇక్కడే కొత్తవాళ్ళు ఎక్కువగా చిక్కుకుంటారు. పద్నాలుగేళ్ళ పిల్ల వచ్చి "మీరు ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెప్తాను మేడమ్" అంటుంది. నువ్వు కరిగిపోయి ఒట్టేస్తావు. తర్వాత ఆ పిల్ల తనమీద జరిగిన లైంగిక దాడి సంగతి చెప్తుంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే నేరం మన మీదే పడుతుంది. అంటే ఆ పిల్లకి ఇచ్చిన మాట నువ్వే తప్పాలి. ఇంట్లోవాళ్ళ చేతిలో మోసపోయిన పిల్ల నీ చేతిలోనూ మోసపోయినట్టవుతుంది. అందుకే వినకముందే చెప్పాలి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే, చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరిగితే మాత్రం కొందరికి చెప్పాలి. అప్పుడు కూడా నీకు చెప్పకుండా చెప్పను." దీని తర్వాత కూడా పిల్లలు చెప్తారు అమ్మలూ. నిజం చెప్పే పెద్దవాళ్ళు వాళ్ళకి అరుదుగా దొరుకుతారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద కనబడేలా రాసి పెట్టుకో.

చావు గురించి అడగడానికి భయపడకు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నేనూ మొదట్లో తడబడేదాన్ని. అలా జరగదు. అడగనందుకే మనిషి ఒంటరిగా మిగిలిపోతాడు. డొంకతిరుగుడుగా కాకుండా "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మెల్లగా, నేరుగా అడుగు. అవునంటే, ఎలా అనుకున్నారు, ఎప్పుడు, అది ఇంట్లో అందుబాటులో ఉందా అని కూడా అడుగు. మన పల్లెల్లో ఆ జవాబు చాలాసార్లు పురుగుమందు డబ్బాయే. అలాంటప్పుడు వాళ్ళ అనుమతితో ఇంట్లో ఒకరిని లోపలికి పిలిచి, ఆ డబ్బా ఈ రోజే ఇంట్లోంచి బయటికి పోవాలని, పక్కింట్లోనో ఇంకెక్కడో తాళం వేసి పెట్టాలని చెప్పు. ఈ రాత్రి పక్కన ఎవరు పడుకుంటారో మనిషి పేరుతో సహా తేల్చుకో. ముప్పు దగ్గర్లో ఉందనిపిస్తే ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి నువ్వే నడిపించు. అనుమతి రాకపోయినా ఆ పని ఆగకూడదు. రాత్రిళ్ళు నువ్వుండవు కాబట్టి 14416, ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, చీటీ మీద రాసివ్వు. మర్నాడు ఫోన్ చేస్తానని చెప్తే తప్పకుండా చెయ్యి. ఆ ఫోన్ కోసం ఎదురుచూసి ఆ రాత్రి గడిపామని నాకు చెప్పినవాళ్ళున్నారు.

కుటుంబాలకి ఇంకో భయం, పోలీసు కేసు. దానివల్ల పురుగుమందు తాగిన మనిషిని "పొరపాటున తాగాడు" అని చెప్పి ఇంటికి తీసుకుపోతారు, మానసిక విభాగం దాకా రానివ్వరు. పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఏమంటుందో వాళ్ళకి తెలిసేలా చెప్పు. వేరుగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు.

నీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మనసు బాగోలేదని చెప్పరు. గుండె దడ, ఒళ్ళంతా మంటలు, తల తిమ్మిరి, గ్యాస్ అంటారు. ఈసీజీలు తీయించుకుని, ఏమీ లేదని చెప్పించుకుని వస్తారు. "నాకేటౌతాందో తెలీట్లేదమ్మా" అని ఒక ముసలావిడ అన్నప్పుడు, ఆ "ఏటౌతాందో"లో ఉన్నది విను. అలాగని అంతా మనసు జబ్బే అనుకోకు. థైరాయిడ్ తేడా ఉన్నా నీరసం, దిగులు ఉంటాయి. డిప్రెషన్ అనో ఇంకోటనో జబ్బు పేరు తేల్చేది సైకియాట్రిస్టు. పరీక్షలు పెట్టి అంచనా వేసేది క్లినికల్ సైకాలజిస్టు, ఆయనకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. మన పని వినడం, మనిషి తన దారి తాను వెతుక్కునేలా తోడుండటం, ఇంటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం, చికిత్స మధ్యలో మానకుండా చూడటం, మన వల్ల కానిది ఎవరి వల్ల అవుతుందో వాళ్ళ దగ్గరికి చేర్చడం. ఇది చిన్న పని కాదు. నిన్ను "డాక్టరమ్మా" అంటారు. మొదటిసారే "డాక్టర్ని కానమ్మా, కౌన్సెలర్ని" అని చెప్పు.

మాత్రల దగ్గర మరీ జాగ్రత్త. వారం వాడి "పనిచెయ్యట్లేదు, మానేస్తాం" అంటారు. డిప్రెషన్ మాత్రలు పట్టడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, ఒక్కసారిగా ఆపకూడదని నువ్వు చెప్పొచ్చు. డోసు తగ్గించమనో, మార్చమనో మాత్రం నీ నోట రాకూడదు.

గాలి సోకిందని, చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారని చెప్పేవాళ్ళని నవ్వకు, మందలించకు. "మీ నమ్మకం మీది, మాత్రలు మాత్రం ఆపకండి" అని నేను చెప్పేదాన్ని. కానీ కొట్టడం, వాతలు పెట్టడం, గొలుసులతో కట్టెయ్యడం విన్నప్పుడు మెత్తగా ఉండొద్దు. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని అదే మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ నిషేధించింది.

నీకు ఉద్దానం నుంచి కూడా జనం వస్తారు. అక్కడి దుఃఖం వేరు. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, తోడు వెళ్ళేవాళ్ళకి కూలి పోతుంది. జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. కారణం తెలియనప్పుడు మనిషి తనలోనే వెతుక్కుంటాడు: నేను పెట్టిన తిండి వల్లా, నేను తెచ్చిన నీళ్ళ వల్లా? ఒక భార్య నన్ను అలాగే అడిగింది. తిత్లీ తుపానుకి 2018 అక్టోబరులో కొబ్బరి చెట్లు పోయిన ఇల్లు అది. నా దగ్గర జవాబు లేదు. "మీరు చేసిన తప్పేమీ కాదమ్మా" అని, ఆవిడ ఎప్పుడు నిద్రపోయిందో, ఎప్పుడు తిన్నదో అడిగాను. పన్నెండు నెలల్లో ఆవిడ గురించి ఎవరూ అడగలేదట. రోగితో వచ్చిన మనిషిని కూడా చూడు. వాళ్ళ పేరు మీద ఆస్పత్రి చీటీ ఉండదు.

ఆవిడే తర్వాత ఒక సంచీ నిండా జీడిపప్పు తెచ్చింది. తీసుకోలేదు. నొప్పించకుండా నాలుగు పప్పులు అక్కడే తిని, మిగతాది పిల్లలకి పెట్టమన్నాను. కానుకలు, అప్పులు, అర్ధరాత్రి వాట్సాప్ మెసేజీలు అన్నీ ఒకే వరసలోవి. ఒకటి ఒప్పుకుంటే రెండోది కాదనలేవు. బంధువులు వస్తే ఇంకొక కౌన్సెలర్ దగ్గరికి పంపు. మన తోడికోడలు సంగతి నువ్వు వింటే, రేపు ఆవిడ ఇంట్లో అన్నం తినడం ఇద్దరికీ కష్టమే.

నోట్సు ఏ రోజుది ఆ రోజే రాయి. వాళ్ళు అన్న మాట వాళ్ళ మాటల్లోనే, నువ్వు చేసినది ఒక్క లైనులో. నీ అభిప్రాయాలు అందులో కలపకు.

నీ సంగతి కూడా ఉంది. రోజుకి ఎనిమిది మంది దుఃఖం వింటే రాత్రి అన్నం దిగదు, కలలొస్తాయి, చిన్నదానికే ఇంట్లో చికాకు పడతావు. గుండె గట్టి చేసుకోమని చెప్పను, అలా చేసుకున్నవాళ్ళు తర్వాత వినడం మానేస్తారు. మీ విభాగంలో సీనియర్‌తో వారానికోసారి కేసులు మాట్లాడే సమయం అడిగి పెట్టించుకో. అడగడం తప్పు కాదు, పనిలో భాగమే. అది దొరికేదాకా శనివారం సాయంత్రం నాకు చెయ్యి. పేర్లు, ఊళ్ళు వద్దు, నీకు ఎక్కడ బరువైందో అది చెప్పు చాలు.

నీ గదికి, పక్క గదికి మధ్య చెక్క తడిక ఒకటే ఉందన్నావు. ఇవతల మాట అవతలికి వినపడితే నేను పైన రాసిందంతా వృథా. చేరిన మొదటి వారంలోనే వేరే గది కావాలని కాగితం రాసివ్వు, నకలు ఒకటి నీ దగ్గర ఉంచుకో. ఈలోగా తడికకి వేలాడదీయడానికి మందపాటి దుప్పటి తెర కుట్టిస్తున్నాను. ఆదివారం పొద్దున్న బస్సుకి తెస్తాను. కొలత మాత్రం రేపే చూసి చెప్పు.

మీ పెద్దమ్మ