కణం అర్థం కావాలంటే ముందు ఒక ఆకు పొర చూడండి

ప్రశ్న: "పదో తరగతి దాకా జీవశాస్త్రం బట్టీ పట్టి నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఇంటర్ బైపీసీలో చేరాను. శాస్త్రీయ పద్ధతి, కణం, కణాంగాలు అన్నీ చదువుతున్నాను కానీ ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం ఉన్నట్టే అనిపించడం లేదు. మొదటి నుంచి అర్థం చేసుకుంటూ రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

మీ ప్రశ్న చదవగానే నా డిగ్రీ మొదటి సంవత్సరం గుర్తుకొచ్చింది. ప్రాక్టికల్ తరగతిలో మా మేడమ్ రెండు మైక్రోస్కోపుల కింద రెండు స్లైడులు పెట్టారు. రెండూ రియో ఆకు అడుగు వైపు నుంచి తీసిన పొరలే. ఒకటి మంచినీళ్లలో ఉంది, ఇంకొకటి ఉప్పునీళ్లలో. ఏది ఎందులో ఉందో చెప్పలేదు. "చూసి మీరే చెప్పండి. ఎలా తెలిసిందో కూడా చెప్పాలి" అన్నారు. ద్రవాభిసరణ, అంటే పలుచటి ద్రావణం వైపు నుంచి చిక్కటి ద్రావణం వైపు త్వచం గుండా నీరు కదలడం. దాని నిర్వచనం నన్ను నిద్ర లేపి అడిగినా అప్పజెప్పగలను. ఇంటర్ పరీక్షలో దానికి పూర్తి మార్కులు వచ్చాయి కూడా. అదే ద్రవాభిసరణ కళ్ల ముందు జరుగుతుంటే మాత్రం గుర్తుపట్టలేకపోయాను. ఆ మధ్యాహ్నం పడిన బాధే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చిందనుకుంటాను. పదహారేళ్లుగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఏ తరగతికైనా కణం పాఠం ఆ ఆకుతోనే మొదలుపెడతాను.

కణాంగాల పట్టికతో మొదలుపెట్టకండి. మైటోకాండ్రియా, రైబోజోములు, గాల్జీ సంక్లిష్టం అని పేర్లు, వాటి పక్కన పనులు రాసుకుంటూ పోతే ఊరు చూడకుండా వీధుల పేర్లు కంఠస్థం చేసినట్టే. ముందు ఒక్క కణాన్ని, ఒక్క ప్రశ్నను పట్టుకోండి: నీళ్లు లోపలికి ఎప్పుడు వెళ్తాయి, బయటికి ఎప్పుడు వస్తాయి?

రియో మొక్కను మీరు చూసే ఉంటారు. ఆకు పైన ఆకుపచ్చగా, అడుగున ఊదాగా ఉంటుంది. పార్కుల్లో దారుల వెంట, ఇళ్ల ముందు కుండీల్లో పెంచుతారు. ఆకును ఏటవాలుగా చింపితే చిరిగిన అంచున ఊదా రంగు పొర ఒకటి పలుచగా వేలాడుతుంది. అందులో చిన్న ముక్క తీసి, స్లైడు మీద నీటి చుక్కలో పరిచి, గాలి బుడగ పట్టకుండా కవర్ స్లిప్‌ను ఒక పక్క నుంచి మెల్లగా వాల్చండి. మైక్రోస్కోపులో చూస్తే నేల మీద పలకలు పరిచినట్టు గళ్లు కనిపిస్తాయి. ప్రతి గడిలోనూ ఊదా రంగు అంచుల దాకా నిండి ఉంటుంది.

ఇప్పుడు కన్ను తీయకుండా చేయాల్సిన పని ఇది. కవర్ స్లిప్‌కు ఒక పక్క చిక్కటి ఉప్పునీళ్లు ఒక చుక్క వేసి, రెండో పక్క వడపోత కాగితం ఆనించండి. కాగితం నీటిని పీల్చుకుంటున్న కొద్దీ ఉప్పునీళ్లు కణాల మీదుగా సాగుతాయి. రెండు మూడు నిమిషాల్లో ఊదా రంగు గడి మూలల నుంచి వెనక్కి జరగడం మొదలవుతుంది. ఆ తర్వాత పక్క గోడలను వదిలేస్తుంది. చివరికి గడి మధ్యలో చిన్న ఊదా ముద్దలా మిగులుతుంది. గోడలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మళ్లీ మంచినీళ్లు పంపితే ముద్ద ఉబ్బి గడి నిండుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పుస్తకంలో రెండు వేర్వేరు పదాలుగా చదివిన కణకవచం (బయటి గట్టి గోడ), కణత్వచం (దాని లోపలి పలుచటి పొర) నిజంగానే రెండు వేర్వేరు వస్తువులని అప్పుడే తెలిసింది. కదలకుండా నిలిచింది కవచం, ముద్దతో పాటు వెనక్కి జరిగింది త్వచం.

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి 'సెల్' అని పేరు పెట్టినవి ఇలాంటి గళ్ల కవచాలే. అవి ఎప్పుడో చనిపోయిన కణాలు, లోపల ఏమీ లేదు. ఖాళీ ఇంటిని చూసి గది అని పేరు పెట్టారాయన. ఆ పేరే నిలిచింది. జంతు కణాలకు అసలు గోడే లేకపోయినా వాటినీ అదే పేరుతో పిలుస్తున్నాం.

ఇక శాస్త్రీయ పద్ధతి. పుస్తకాల్లో అది మెట్ల బొమ్మలా ఉంటుంది: పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ. ఆ మెట్లు నాకు అర్థమైంది మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అడ్డం తిరిగినప్పుడు. ముద్ద కావడం చూసి, "నీళ్లు బయటికి పోవడం కాదండీ, ఉప్పు మంటకు ముడుచుకుపోయింది. పుండు మీద ఉప్పు పడితే మండదా?" అన్నాడు. చాలా మంచి మాట అది. అతను చెప్పినది పరికల్పన. దాన్ని తప్పని చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు, పరీక్షించే దారి కావాలి. అతని మాటే నిజమైతే మంట పెట్టని చక్కెరతో ముడుచుకోకూడదు. నా మాట నిజమైతే చక్కెరతోనూ ముడుచుకోవాలి. ప్రయోగానికి ముందే ఇద్దరం బల్ల మీద కాగితంపై ఇది రాసుకున్నాం.

గ్లాసు నీటిలో చెంచా ఉప్పు వేసిన చోట చెంచా చక్కెర వేశాం. ఏ మార్పూ లేదు. వాడి ముఖం వెలిగిపోయింది. నేను ఓడిపోయానని తరగతంతా అనుకుంది. అయితే చెంచాలు సమానమైతే లోపలి అణువులు సమానమవుతాయా? చక్కెర అణువు ఉప్పుతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు బరువు. పైగా ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అయాన్లుగా రెండుగా విడిపోతుంది, చక్కెర విడిపోదు. ఒకే బరువులో ఉప్పు ఇచ్చే కణికలు చక్కెర ఇచ్చే వాటికి సుమారు పన్నెండు రెట్లు. ఎనిమిది చెంచాల చక్కెర కలిపి మళ్లీ పెట్టాం. ఊదా రంగు మూలలు వదిలి మధ్యకు చేరింది. అబ్బాయి చాలాసేపు మైక్రోస్కోపు వదల్లేదు. ఉప్పుకు ఉన్న ప్రత్యేక గుణం వల్ల కాదు, బయట కరిగి ఉన్న కణికల సంఖ్యను బట్టి నీరు కదులుతుందని తరగతి తనకు తానే కనుక్కుంది.

అదే రోజు ఇంకో జట్టు స్లైడులో ఏమీ జరగలేదు. వాళ్లు అయినా "ముడుచుకున్నది" అని రాసేశారు, పుస్తకంలో అలా ఉంది కాబట్టి. ఆ వాక్యం కొట్టేయించాను. చూస్తే వాళ్లు వేసింది చిటికెడు ఉప్పే. పావు చెంచా, అర చెంచా, చెంచా వేసి మూడు గ్లాసులు తయారు చేయించాను. పావు చెంచాకు మార్పు లేదు, అర చెంచాకు కొన్ని కణాల్లో కనిపించింది, చెంచాకు దాదాపు అన్నిటిలోనూ. ఎక్కడ మొదలైందో ఆ గాఢత కణం లోపలి గాఢతకు దగ్గరగా ఉంటుంది. విఫలమైన స్లైడు వాళ్లకు కొలత నేర్పింది. ప్రాక్టికల్ రికార్డులో కనిపించనిది రాయకండి, ఈ ఒక్క విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను.

మరిగించిన ఆకుతో కూడా చేసి చూడండి. ఊదా రంగు నీటిలోకి కారిపోతుంది, ఆ పొర మీద ఎంత ఉప్పు వేసినా ముద్ద కట్టదు. గోడ ఉంది, ఉప్పు ఉంది, నీళ్లున్నాయి, లేనిది చెక్కుచెదరని త్వచం ఒక్కటే. ఒక్కటి మాత్రమే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచడమే నియంత్రిత ప్రయోగం. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ చేసింది కూడా ఇదే. కుళ్లిన మాంసంలోంచి పురుగులు వాటంతట అవే పుడతాయని అప్పట్లో నమ్మేవారు. ఆయన కొన్ని జాడీలు తెరిచి ఉంచి, కొన్నిటిని గట్టిగా మూశారు. మూసినవాటిలో పురుగులు రాలేదు. గాలి అందకపోవడం వల్ల రాలేదేమో అనే సందేహానికి తావు లేకుండా సన్నటి వల గుడ్డ కట్టి మళ్లీ చేశారు. గాలి వెళ్లింది, ఈగలు వెళ్లలేదు, మాంసంలో పురుగులూ పుట్టలేదు. నాకు ఆ రెండో జాడీ అంటేనే ఎక్కువ గౌరవం.

ఇక్కడి నుంచి కణం పాఠం దానంతటదే విప్పుకుంటుంది. మొక్క కణాన్ని మంచినీళ్లలో వేస్తే ఉబ్బి ఆగిపోతుంది, గోడ పట్టుకుంటుంది. ఎర్ర రక్తకణానికి గోడ లేదు, మంచినీళ్లలో పగిలిపోతుంది. అందుకే ఆసుపత్రిలో సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది, లీటరుకు 9 గ్రాముల ఉప్పు. ఈసారి ఆ సీసా కనిపిస్తే ఆ అంకె చూడండి. ఇంట్లో మాగాయకు ముక్కలు ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టి మూడో రోజు తీసి ఊట పిండుతారు కదా. ఆ ఊట మనం పోసిన నీరు కాదు, ముక్కలోని కణాలు వదిలిన నీరు. పచ్చడిని పాడుచేయాల్సిన సూక్ష్మజీవుల నుంచీ ఉప్పు అలాగే నీటిని లాగేస్తుంది.

తర్వాత ఒక ప్రశ్న మిమ్మల్ని వేధించాలి. గోడ లేని మన కణాలు ఉబ్బి పగలకుండా ఎలా ఉన్నాయి? త్వచంలో ఒక ప్రోటీన్ పంపు నిరంతరం మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. అలా లోపల కణికలు పేరుకోవు కాబట్టి నీరు అతిగా లోపలికి రాదు. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ 1957లో దీన్ని వెలికితీశారు, 1997లో నోబెల్ వచ్చింది. పంపు తిరగాలంటే ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చు ఏటీపీ, అంటే కణం పనులకు శక్తినిచ్చే అణువు. ఏటీపీ ఎక్కువగా తయారయ్యేది మైటోకాండ్రియాలో. పట్టికలో "కణ శక్త్యాగారం" అని చదివినది ఇప్పుడు ఒక పనికి అతుక్కుంది కదా. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని కండరంలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. మా పిల్లలకు సుబ్బారావు పేరు చెప్పినప్పుడు తరగతిలో నిశ్శబ్దం మారుతుంది.

సోడియం పంపు గురించి చదివిన రోజే ఓఆర్ఎస్ గురించి కూడా చదవండి. మా తమ్ముడికి చిన్నప్పుడు విరేచనాలు పట్టుకుంటే నాయనమ్మ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు గంటల తరబడి చెంచాతో పట్టింది. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు అని అందరికీ తెలిసిన కొలత. రెండూ ఎందుకు కావాలో నాకు డిగ్రీలో గానీ తెలియలేదు. పేగు కణాల త్వచంలో గ్లూకోజు, సోడియం కలిసి వస్తేనే తెరుచుకునే ప్రోటీన్ ద్వారం ఉంది. అవి లోపలికి వెళ్తే వాటి వెంట నీరు వెళ్తుంది, రియో ఆకులో చూసిన అదే కారణంతో. కలరా కూడా ఆ ద్వారాన్ని మూసేయలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో ఉన్న శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లనే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి.

మిగతా కణాంగాలను కూడా ఇలాగే కలుపుకుంటూ రండి. పంపు ప్రోటీన్‌ను ఎవరు కట్టారు? రైబోజోము. నమూనా ఎక్కడిది? కేంద్రకంలోని డీఎన్ఏ. కట్టిన ప్రోటీన్ త్వచం దాకా ఎలా చేరింది? అక్కడ అంతర్జీవద్రవ్య జాలం, గాల్జీ వస్తాయి. కణ విభజన, కిరణజన్య సంయోగక్రియ కాస్త ఆగవచ్చు, వాటికి వేరే ప్రశ్నలు కావాలి.

ఈ ఆదివారం మీకు ఒక పని. మాగాయ కోసం మూడు రోజులు ఉప్పులో ఊరిన ముక్క ఒకటి, అదే కాయలోంచి ముందే ఉప్పు లేకుండా తీసి ఫ్రిజ్‌లో ఉంచిన పచ్చి ముక్క ఒకటి తీసుకోండి. రెండింటినీ తూచి మంచినీళ్లలో వేయండి. గంట తర్వాత వాటి బరువు ఎలా ఉంటుందో, ఎందుకో ముందే కాగితం మీద రాయండి. తర్వాత తూచండి. మీరు రాసిందీ, వచ్చిందీ రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.