వంటింటి సందేహాలు: టొంకొట్సు రామెన్

ప్రశ్న: రెండు కిలోల పంది ఎముకలు సన్నమంట మీద ఎనిమిది గంటలు ఉడికించాను. సూప్ తేటగానే ఉంది, పైన కొవ్వు తేలుతోంది. తెల్లగా రావాలంటే పాలు కలపాలా?
– పాఠకుడు, హైదరాబాద్

పాలు వద్దండీ. సన్నమంటే కొంప ముంచింది. టొంకొట్సు అంటే పంది ఎముక, రామెన్ అంటే సూప్‌లో వేసిన నూడిల్స్. జపాన్‌లోని కురుమె ఊళ్లో 1937లో ఒక వీధి బండి మీద ఈ రామెన్ మొదలైంది. అప్పట్లో సూప్ తేటగానే ఉండేది. 1947లో అదే ఊళ్లో ఒక దుకాణంలో పొయ్యి మీది సూప్ అతిగా మరిగిపోయి తెల్లబడిందనీ, ఆ తెల్లదే నిలిచిపోయిందనీ చెబుతారు.

ఎముకల్లోని, చర్మంలోని కొలాజెన్ ఉడికి జెలటిన్ అవుతుంది. సూప్ తెర్లుతూ మరుగుతుంటే కొవ్వు కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా విరుగుతుంది. ఆ బొట్లు మళ్లీ కలిసిపోకుండా జెలటిన్ పట్టి ఉంచుతుంది. తెలుపు ఆ బొట్లదే. సన్నమంట మీద జెలటిన్ దిగుతుంది గానీ కొవ్వు విరగదు.

మీ సూప్ పారబోయకండి. ఒక గిన్నెడు తీసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. మిగిలిపోయిన పాయా మర్నాటికి గడ్డకట్టినట్టు గడ్డకడితే సరుకంతా అందులోనే ఉన్నట్టు. పైకి తేలిన కొవ్వుతో సహా మళ్లీ పొయ్యి ఎక్కించి, పెద్ద మంట మీద గంటసేపు తెర్లించండి. నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయండి. గడ్డకట్టలేదంటే ఎముకల ఎంపికలోనే లోపం. పక్కటెముకలతో పని జరగదు. రెండు కిలోల తొడ ఎముకలు మూలుగ కనిపించేలా కొట్టించి, వాటికి రెండు పంది కాళ్లు చేర్చండి. జెలటిన్ ఎక్కువగా వచ్చేది కాళ్ల నుంచే.

ప్రశ్న: తెలుపు వచ్చింది కానీ బూడిదరంగు కలిసింది. నీచువాసన కూడా.
– పాఠకురాలు, విశాఖపట్నం

అది నెత్తురు. ఎముకలను చన్నీళ్లలో నాలుగైదు గంటలు నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. తర్వాత కొత్త నీళ్లలో పదిహేను నిమిషాలు మరిగించి, తెట్టుతో సహా ఆ నీళ్లన్నీ పారబోయాలి. అసలు పని ఇక్కడే ఉంది. ఒక్కో ఎముకా కుళాయి కింద పట్టుకుని పాత టూత్‌బ్రష్‌తో తోమండి. కీళ్ల సందుల్లో, వెన్నుపూసల గాడుల్లో నల్లగా గడ్డకట్టిన నెత్తురు ఉంటుంది, పుల్లతో లాగేయండి. గిన్నె కూడా కడిగాకే మళ్లీ ఎక్కించండి. ఉల్లి, వెల్లుల్లి, అల్లం చివరి రెండు గంటల్లో వేస్తే చాలు. మొదటే వేస్తే అన్నీ కరిగిపోయి సూప్ రంగు దిగజారుతుంది.

ప్రశ్న: పన్నెండు గంటలు గ్యాస్ మండించలేం. కుక్కర్ పనికొస్తుందా?
– పాఠకురాలు, వరంగల్

భేషుగ్గా. అయిదు లీటర్ల కుక్కర్‌లో కిలో ఎముకలు, ఒక కాలు వేసి, నీళ్లు మూడింట రెండు వంతులు దాటనివ్వకండి. మొదటి విజిల్ వచ్చాక సన్నమంట మీద రెండు గంటలు. గంటకోసారి దించి, ఆవిరి దానంతటదే పోయాక మూత తీసి నీళ్లు చూసుకోవాలి. లేకపోతే అడుగంటి సూప్ అంతా మాడువాసన కొడుతుంది. మూత తీసేసరికి సూప్ తేటగా ఉంటే కంగారుపడకండి. ఒత్తిడిలో నీరు కదలకుండా ఉడుకుతుంది కాబట్టి అలాగే ఉంటుంది. తెలుపు కోసం మూత లేకుండా ముప్పావుగంట పెద్ద మంట తప్పదు. ఓపిక లేకపోతే ఎముకలు తీసేసి హ్యాండ్ బ్లెండర్ తిప్పండి. దగ్గరదగ్గరగా వస్తుంది, అంత చిక్కదనం ఉండదు.

ప్రశ్న: గరం మసాలా వేయొచ్చా?
– పాఠకుడు, గుంటూరు

వేయొచ్చు. అప్పుడది పంది పాయా అవుతుంది. అదీ బాగానే ఉంటుంది.

ప్రశ్న: సూప్ చిక్కగా ఉన్నా చప్పగా ఉంది. ఉప్పు ఎప్పుడు వేయాలి?
– పాఠకుడు, డాలస్

గిన్నెలో వేయనే వేయకూడదు. మరిగే కొద్దీ ఉప్పు లెక్క తప్పుతుంది. జపాన్‌లో దీనికి విడిగా ‘తారె’ కలిపి ఉంచుకుంటారు. నలుగురికి 60 మిల్లీలీటర్ల జపనీస్ సోయా సాస్, 30 మిరిన్ (తియ్యటి జపనీస్ వంట మద్యం), 30 నీళ్లు, 8 గ్రాముల ఉప్పు కలిపి ఒక్క పొంగు రానివ్వండి. ఖాళీ బౌల్ అడుగున 30 మిల్లీలీటర్ల తారె, దానిమీద 300 మిల్లీలీటర్ల మరిగే సూప్. ఫాస్ట్‌ఫుడ్ బళ్ల మీది నల్ల సోయా సాస్ వాడితే తెల్లగా రావడానికి పడ్డ పాట్లన్నీ బురదపాలు.

ప్రశ్న: ఇంట్లో చేసిన నూడిల్స్ సూప్‌లో మెత్తబడి ముద్దవుతున్నాయి.
– పాఠకురాలు, విజయవాడ

మైదాలో క్షారం పడలేదు. రామెన్ నూడిల్స్‌కు సాగే గుణం, పసుపు ఛాయ కాన్‌సుయి అనే క్షారం వల్ల వస్తాయి. అది దొరక్కపోతే వంటసోడా స్టీల్ పళ్లెంలో పరిచి, ఒవెన్‌లో 130 డిగ్రీల వద్ద గంటసేపు కాల్చండి. 100 గ్రాములు 65 దగ్గరికి దిగితే మారినట్టు. అల్యూమినియం పళ్లెం వద్దు, పొడిని వట్టి చేత్తో ముట్టకండి.

400 గ్రాముల మైదాకు ఈ పొడి 4 గ్రాములు, ఉప్పు 4 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు. ఉప్పూ పొడీ నీళ్లలో కరిగాకే పిండిలో పోయండి. పిండి తడి రవ్వలా పొడిపొడిగా ఉండాలి. చపాతీ ముద్దలా అయిందంటే నీళ్లు ఎక్కువైనట్టే. మూతపెట్టి అరగంట ఉంచి, పాస్తా మెషిన్‌లో నాలుగైదుసార్లు మడిచి నొక్కి, ఒకటిన్నర మిల్లీమీటర్ల సన్నంగా కోయండి. మరిగే నీళ్లలో నిమిషం, మహా అయితే నిమిషంన్నర.

ఇంత సన్నటి నూడిల్స్ ఎలాగూ త్వరగా మెత్తబడతాయి. అందుకే జపాన్‌లోని హకాటాలో మొదట కొంచెమే వడ్డిస్తారు. సూప్ మిగిలుండగా ‘కాయెదామా’ అని అడిగితే అప్పుడే ఉడికించిన మరో ముద్ద తెచ్చి అందులో వేస్తారు. ఇంట్లోనూ 70 గ్రాములకు మించి ఒకేసారి వేయకండి.