షుగర్ ఉండి బీడీ తాగేవాళ్లకి వ్యాక్సిన్ పడదంటారు, నిజమేనా?

మీ నాన్నగారికి షుగర్ ఉంది, బీడీ అలవాటూ ఉంది, డాక్టర్ ఫ్లూ, న్యుమోనియా వ్యాక్సిన్లు రాశారు, సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువగా వస్తాయేమో అని అడిగారు. నా మాట వినండి, వేయించండి. భయపడాల్సింది సూదికి కాదు, ఆ తర్వాత ఇళ్లలో చేసే సొంత వైద్యానికి.

2021 ఏప్రిల్‌లో 45 ఏళ్లు దాటినవాళ్లందరికీ కోవిడ్ వ్యాక్సిన్ మొదలైనప్పుడు, శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర మా ఊళ్లో మా మావయ్య కోవిషీల్డ్ వేయించుకున్నాడు. ఏళ్ల తరబడి షుగర్, చేతిలో ఎప్పుడూ చుట్ట. ఆ రాత్రి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయి. అవి షుగర్ లేనివాళ్లకీ వచ్చాయి, ఒకటి రెండు రోజుల్లో పోయాయి. కానీ జ్వరం మీద అన్నం పెట్టకూడదని పక్కింటివాళ్లు చెబితే రాత్రి పస్తు ఉంచారు. పొద్దున్నే టీ చుక్క తాగించి షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం వేసేశారు.

నేను వెళ్లేసరికి మావయ్య అరుగు మీద గోడకి జారబడి ఉన్నాడు. బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది, వేళ్ల మధ్య ఆరిపోయిన చుట్ట వణుకుతోంది. నన్ను చూసి మా నాన్న పేరు పెట్టి పిలిచాడు. అత్త "వ్యాక్సిన్ పడలేదు నాయనా" అని ఏడుస్తోంది. షుగర్ మిషన్ తెచ్చి వేలు పొడిచి చూస్తే 48కి పడిపోయింది. పస్తు మీద మాత్ర వేసిన ఫలితం అది, సూదిది కాదు. ఇంకా మింగగలుగుతున్నాడు కాబట్టి పంచదార నీళ్లు పట్టించాం. స్పృహ లేనివాళ్లకి అలా నోట్లో పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. కాసేపటికి తేరుకుని "ఏటైంది, అందరూ ఇక్కడున్నారేటి?" అన్నాడు. ఆ మాత్ర మళ్లీ షుగర్ దించేస్తుంది కాబట్టి గంజన్నం పెట్టి సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాం.

ఊళ్లో మాత్రం వ్యాక్సిన్ వల్ల పోయినంత పనైందనే కథ నిలబడిపోయింది. దానికి భయపడి ఎంతమంది రెండో డోసు మానేశారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మావయ్య రెండో డోసు తిండి తిని వేయించుకున్నాడు, చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదు.

ఇంకో దరిద్రం, ఆర్ఎంపీల దగ్గరికి పరిగెత్తడం. జ్వరం అనగానే ఏం మందో చెప్పకుండా సూది పొడిచేస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే షుగర్ అమాంతం పెరుగుతుంది, అదీ వ్యాక్సిన్ ఖాతాలోకే. నొప్పులకి, కిడ్నీలని దెబ్బతీయగల డైక్లోఫెనాక్ మాత్రలు మింగించేవాళ్లు సరేసరి. ఉద్దానం కిడ్నీ జబ్బులు కళ్లారా చూసిన జిల్లావాళ్లం, మనకైనా భయం ఉండక్కర్లేదా? జ్వరానికి పారాసిటమాల్ చాలు.

ఇక పొగ. మన వైపు ఆడవాళ్లు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, అంగిట్లో క్యాన్సర్ వచ్చినా చుట్టని తప్పు పట్టేవాళ్లు తక్కువ. వ్యాక్సిన్ తర్వాత రెండు దగ్గులు వస్తే మాత్రం పంచాయితీ. పొగ తాగేవాళ్లలో కోవిడ్ టీకా తర్వాత యాంటీబాడీలు తక్కువగా తయారవుతున్నాయని చాలా పరిశోధనల్లో తేలింది. అంటే బీడీ వల్ల పోయేది టీకా ఇచ్చే రక్షణ. న్యుమోనియా ముప్పు షుగర్‌కీ ఎక్కువే, పొగకీ ఎక్కువే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఈ రెండింటినీ న్యుమోనియా టీకా వేయించాల్సిన కారణాల్లో పెట్టింది. ఇక్కడ పసిపిల్లలకి ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది, పెద్దవాళ్లకి మనమే కొనుక్కోవాలి. ముసలివాళ్ల ఊపిరితిత్తులు ఊపిరితిత్తులు కావా?

మీ నాన్నగారికి ఇదివరకు ఏదైనా టీకాకి తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పండి. గట్టి జ్వరం ఉన్న రోజు వద్దు. టిఫిన్ పెట్టి, రోజూ వేసే మాత్రలు వేయించి తీసుకెళ్లండి, సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టండి. జ్వరం వస్తే ఇడ్లీయో చోడి అంబలో ఏదో ఒకటి తినిపిస్తూ షుగర్ చూస్తుండండి. తినలేకపోతే మాత్ర వేసే ముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆయాసం, ఛాతీలో బరువు, చెమటలు కనిపిస్తే "టీకా ప్రభావంలే" అని ఇంట్లో పడుకోబెట్టకండి. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు పెద్దగా నొప్పి లేకుండానే రావచ్చు. బీడీ సంగతి మాత్రం డాక్టర్‌గారి ముందే ఎత్తండి, ఇంట్లోవాళ్లు చెబితే ఈ వయసువాళ్లు వినరు.