గుమ్మం మీద మూడక్షరాలు: ఇంగ్లండ్ పల్లెలో మన ఇంటి చరిత్ర వెతకడం ఎలా?

సందేహం: మాది నరసరావుపేట. డెర్బీలో ఉద్యోగం. పోయిన ఏడాది దగ్గర్లోని ఒక పల్లెలో పాత రాతిల్లు కొనుక్కున్నాం. గుమ్మం పైన మూడు ఇంగ్లిష్ అక్షరాలు, వాటి కింద 1741 అని చెక్కి ఉంది. ఇందులో ఎవరుండేవాళ్లో తెలుసుకోవాలని మా పాపకి ఒకటే ఆత్రం. చర్చి రికార్డులు మాలాంటివాళ్లకి చూపిస్తారా? ఇంకో సంగతి. తన ముత్తాత తమ్ముడు ‘కోకనాడ’లో చనిపోయాడని, ఆ వివరాలు ఎక్కడ దొరుకుతాయని పక్కింటి పెద్దావిడ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: చూపిస్తారండీ. ఏ మతం, ఏ దేశం అని ఎవరూ అడగరు. పాత రిజిస్టర్లు ఇప్పుడు చాలావరకు చర్చిలో ఉండవు, కౌంటీ రికార్డ్ ఆఫీసుకి చేరాయి. మీకైతే అది మాట్లాక్‌లో ఉంది. ముందే బుక్ చేసుకుని, అడ్రస్ ఉన్న గుర్తింపు పత్రం పట్టుకెళ్లండి. బ్యాగు లాకర్లో పెట్టించేస్తారు. లోపల పెన్ను తియ్యనివ్వరు, పెన్సిలే.

ముందు గుమ్మం సంగతి. మూడక్షరాలు త్రికోణంలా, పైన ఒకటి, కింద రెండు ఉన్నాయా? అయితే సాధారణంగా పైది ఇంటిపేరు, కింద ఎడమ వైపు భర్త పేరు, కుడి వైపు భార్య పేరు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి ఇది చప్పున అర్థమవుతుంది. 1741 మాత్రం ఇల్లు కట్టిన ఏడాదే అని నమ్మేయకండి. తిరగకట్టినదో, గది కలిపినదో, పెళ్లయినదో కావచ్చు. వేరే ఇంటి రాయి తెచ్చి పెట్టినా పెట్టి ఉండొచ్చు. 1741కి ముందు పాతికేళ్ల పెళ్లిళ్ల రిజిస్టర్ తీసి ఆ మూడక్షరాలకి సరిపోయే జంట కోసం చూడండి. ఒక మెలిక ఉంది. 1752 ముందు ఇక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్లో 1740 ఫిబ్రవరి అని ఉంటే, మన లెక్కలో అది 1741.

అయినా అక్కడ మొదలుపెట్టొద్దు. ఇవాళ్టి నుంచి వెనక్కి నడవండి. ఇల్లు కొనిపెట్టిన సొలిసిటర్‌కి ఇవాళే మెయిల్ పెట్టి పాత దస్తావేజులు ఏమైనా మిగిలాయేమో అడగండి. ల్యాండ్ రిజిస్ట్రీలోకి ఎక్కాక పాత కాగితాలతో పని లేదని చాలామంది పారేశారు. ఇదే నాకు కడుపు మండే విషయం. ఆ తర్వాత 1939 సెప్టెంబర్ 29న యుద్ధం కోసం తీసిన రిజిస్టర్, 1921 జనాభా లెక్కలు, అలా పదేళ్లకోటి చొప్పున 1841 దాకా. 1931 లెక్కలు 1942లో తగలబడిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తియ్యలేదు. చాలా కౌన్సిల్ లైబ్రరీల్లో డబ్బు కట్టే వెబ్‌సైట్లు ఉచితంగా చూడనిస్తారు. ఆ సంగతి కనుక్కోకుండా చందా కట్టకండి. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ అనే వెబ్‌సైట్లు ఎలాగూ ఉచితం.

పల్లెల లెక్కల్లో డోర్ నంబర్లుండవు, అదొక్కటే చిక్కు. పబ్బు, వికార్ (చర్చి పాస్టర్) గారి ఇల్లు లాంటి కదలని గుర్తులు పట్టుకుని, లెక్కలవాడు ఏ వరసలో నడిచాడో ఊహించాలి. 1841లో పెద్దవాళ్ల వయసులు కింది అయిదు గుణిజానికి దించి రాశారు, 34 ఏళ్లవాడు 30 అని కనిపిస్తాడు.

ఆ కాలానికే టైద్ మ్యాపులున్నాయి. 1836 చట్టం వచ్చాక చర్చికిచ్చే పదోవంతు పంటని డబ్బులోకి మార్చడానికి ఊరూరా గీశారు. ఇవి మన అడంగల్ లాంటివే: ప్లాటు నంబరు, సొంతదారు, సాగు చేసేవాడు, ఏం పండుతోంది, ఎంత విస్తీర్ణం. మీ ఊరికి అది లేకపోతే, ముందే పొలాలకి కంచెలు వేసి పంచుకున్నప్పుడు టైద్ కూడా తీర్చేసి ఉంటారు. అప్పుడు ఆ పంపకాల అవార్డు, అంటే ఎవరికి ఏ పొలమో తేల్చిన పత్రం, అడగండి.

బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాయాలని 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చాడు. పుట్టిన తేదీ కాదు, బాప్తిస్మం తేదీ ఉంటుందని గుర్తుంచుకోండి. పాత చేతిరాత చూసి టెన్షన్ పడొద్దు, అది చదవడం నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు ఆన్‌లైన్లో ఉచితంగా నేర్పుతారు. పాప విసుగెత్తితే ఓ ఆదివారం ఈమ్ గ్రామానికి తీసుకెళ్లండి, మీ కౌంటీలోనే. 1665-66లో ప్లేగుకి ఏ ఇంట్లో ఎవరు పోయారో ఆ ఇళ్ల ముందు పలకల మీద రాసి ఉంటుంది.

చాలామంది రిజిస్టర్లతో ఆగిపోతారు. అసలు మనుషులు మాట్లాడేది పేదల కాగితాల్లో. 1601 నుంచి పేదల్ని పోషించే భారం పారిష్‌దే (ఒక చర్చి కింద ఉండే ఊరు), ఆ ఖర్చు ఊళ్లోవాళ్ల పన్నుతోనే. అందుకే పక్కూరి నుంచి కూలీ వచ్చినా అనుమానమే. 1662 చట్టం ప్రకారం, ఏడాదికి 10 పౌండ్ల కంటే తక్కువ అద్దె ఇంట్లో దిగినవాణ్ణి, రేపు మన మీద పడతాడేమోనని 40 రోజుల్లోగా ఫిర్యాదు చేసి వెనక్కి పంపెయ్యొచ్చు. పంపేముందు మేజిస్ట్రేట్ల ముందు ప్రమాణం చేయించి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఎంత జీతానికి చేశావు, ఎవర్ని పెళ్లాడావు అని అన్నీ రాసుకునేవాళ్లు. ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఫారం నింపినవాళ్లకి ఈ ప్రశ్నలు కొత్తగా ఉండవు. పెళ్లికానివాడు ఒక ఏడాది నిండా పాలేరుగా చేస్తే ఆ ఊరి హక్కు వచ్చేది. అది రాకుండా కొందరు ఆసాములు 51 వారాలకే జీతం మాట్లాడుకునేవాళ్లు! ‘మేం తరతరాలుగా ఈ ఊరివాళ్లం’ అని ఎవరైనా గొప్పగా చెబితే నవ్వుతూ వినండి. ఈ కాగితాలు చూస్తే ఊళ్లో సగంమంది ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే అనిపిస్తుంది నాకు.

పెళ్లికాని గర్భిణుల్ని తండ్రి పేరు చెప్పమని నిలదీసిన కాగితాలూ ఈ కట్టల్లోనే ఉంటాయి. వాటిలో ఊళ్లో ఇప్పుడున్న ఇంటిపేరు తగిలితే, హిస్టరీ సొసైటీ మీటింగులో టీ తాగుతూ చెప్పెయ్యకండి. సొసైటీలో మాత్రం చేరండి, మీ ఇంటి పాత ఫోటో అక్కడే ఎవరి అటక మీదో దొరుకుతుంది.

ఇక పక్కింటి పెద్దావిడ సంగతి. కోకనాడ అంటే మన కాకినాడే అని మీరు చెప్పగలరు, సగం పని అక్కడే అయిపోయింది. ఎల్లూర్, మసూలిపటం, విజగపటం లాంటి పేర్లు చూసి ఇక్కడివాళ్లు తికమకపడతారు. మన కాటన్ దొర రిటైరయ్యాక ఇక్కడికొచ్చి 1899లో డార్కింగ్‌లో పోయాడు. ఈవిడ బంధువులాగా అక్కడే మట్టిలో కలిసినవాళ్లు లెక్కలేనంతమంది. మద్రాసు ప్రెసిడెన్సీలో యూరోపియన్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లు 1698 నుంచి లండన్‌కి పంపేవాళ్లు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరసలో ఉన్నాయి. వాటిని ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైట్‌లోనూ వెతకొచ్చు. దానికంటే ముందు ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వాళ్ల ఉచిత డేటాబేస్‌లో చూడండి. ఆయన సిపాయి అయితే ఏ రెజిమెంటో ఆవిడని అడగండి. ఈస్టిండియా కంపెనీ సైన్యం కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలోనూ, రాజుగారి సైన్యానివి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ ఉంటాయి. అది తేలకుండా లండన్ రైలు టికెట్ కొనకండి.