రైట్ టు ఛూజ్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటున్నాం. బాబుకు ఏడేళ్లు. క్లాసులో కుదురుగా కూర్చోడని, ఒక్కోసారి పిలిచినా పలక్కుండా ఎటో చూస్తూ ఉండిపోతాడని స్కూల్ వాళ్లు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య), ఆటిజం అసెస్‌మెంట్ చేయించమన్నారు. లోకల్ లిస్టులో రెండేళ్లు ఆగాలట. రైట్ టు ఛూజ్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుతోనే, చూపించుకునే సంస్థను మనమే ఎంచుకునే హక్కు) కింద ఏ సంస్థను ఎంచుకుంటే త్వరగా అవుతుంది? మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు పంపాడు. ఆదివారాలు సగం వేస్తే బుద్ధిగా హోంవర్క్ చేస్తున్నాడు. అంటే ఏడీహెచ్‌డీ ఖాయమే కదా?

జవాబు: ఖాయం కాదమ్మా. ఆ మందు ఏడీహెచ్‌డీ లేని పిల్లాణ్నైనా కాసేపు కుదురుగా కూర్చోబెట్టగలదు, అదేం పరీక్ష కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇంకొకటుంది, మీరు దాన్ని మధ్యలో ఎక్కడో అనేసి వెళ్లిపోయారు. పిలిచినా పలక్కుండా చూస్తూ ఉండిపోవడం. పరధ్యానమే కావచ్చు, చాలామందిలో అంతే. కానీ ఆడుతూనో మాట్లాడుతూనో ఉన్నట్టుండి ఆగిపోయి, భుజం తట్టినా తెలియక, కనురెప్పలు అల్లాడిస్తూ, కొన్ని సెకన్లకు ఏమీ జరగనట్టే మళ్లీ మొదలుపెడుతున్నాడంటే అది ఒక రకం ఫిట్స్ కావచ్చు. కింద పడిపోరు, నురగ రాదు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు, స్కూల్లో 'ధ్యాస లేదు' అంటారు. ఈసారి అలా ఉన్నప్పుడు ఫోన్లో వీడియో తీయండి. వీడియో కోసం ఆగకుండా ఈ వారమే జీపీని (మీ ఫ్యామిలీ డాక్టర్‌ను) కలిసి, పిల్లల డాక్టర్ దగ్గరికి పంపమని అడగండి, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) కావాలో లేదో వాళ్లు చూస్తారు. ఒళ్లు కొట్టుకుంటే, తెలివి రాకపోతే వెంటనే అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయండి. బాబును చూడకుండా రాస్తున్నా కాబట్టి చూసిన డాక్టర్ మాటే ఖరారు.

ఫిట్స్ అనుమానం ఉన్న పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్‌ను ఆచితూచి ఇస్తాం. ఆకలి తగ్గుతుంది, నిద్ర చెడుతుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. అందుకే మొదలుపెట్టే ముందు ఎత్తు, బరువు, నాడి, బీపీ చూసి, ఇంట్లో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లున్నారా అని అడుగుతాం. ఇవన్నీ మీ తమ్ముడు అడిగాడా? పచ్చళ్లు పంపినట్టు మందులు పంపుతున్నారు, ఇండియాలోనూ ఇంగ్లండ్‌లోనూ అది కట్టుదిట్టమైన నియంత్రణలో ఉన్న మందు. ఆపేయండి. వేసిన సంగతి జీపీ దగ్గర దాచకండి, తిడతారేమో, తిట్టనివ్వండి.

ఇక అడిగిన దానికి. సంస్థ పేరు చెప్పను, ఈ నెల త్వరగా చూసేవాళ్ల దగ్గర వచ్చే నెల క్యూ పెరగొచ్చు. రైట్ టు ఛూజ్‌కు మీ జీపీ ఇంగ్లండ్‌లో ఉండాలి, రిఫరల్ అవసరమని ఒప్పుకోవాలి, ఆ సంస్థకు ఆ సేవకు ఎన్‌హెచ్‌ఎస్ కాంట్రాక్టు ఉండాలి. అప్పుడు మీకు ఖర్చుండదు. వేల్స్‌లోనో స్కాట్లాండ్‌లోనో ఉన్న బంధువులకు ఈ హక్కు వర్తించదు. ఏడేళ్ల పిల్లల్ని చూస్తారా, రెండు అసెస్‌మెంట్లూ చేస్తారా, ఆటిజానికి బిడ్డను ఎదురుగా చూస్తారా లేక వీడియో కాల్‌తో సరిపెడతారా, రిఫరల్ అందాక అసలు ఎన్నాళ్లు పడుతోంది అని ఫోన్ చేసి అడగండి. చాలామంది మరిచేది ఇంకోటి, ఏడీహెచ్‌డీ అని తేలాక మందు ఎవరు మొదలుపెడతారు, డోసు ఎవరు సర్దుతారు? డోసు కుదిరాక షేర్డ్ కేర్ కింద, అంటే ఆ సంస్థ పర్యవేక్షణలో, మందు చీటీ జీపీ రాయాలి, అది ఒప్పుకోవాలనే నిర్బంధం ఆయనకు లేదు. ఒప్పుకుంటారా అని రిఫరల్ రాయించుకునే రోజే అడిగేయండి. కొత్త చోట తీసుకున్నామని ఉత్తరం వచ్చేదాకా లోకల్ లిస్టులో పేరు తీయించకండి.

డయాగ్నసిస్ వచ్చేదాకా స్కూల్ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. స్కూల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల బాధ్యత చూసే సెంకోను కలిసి ఇప్పుడే సాయం అడగండి, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. బాబు అలా ఆగిపోయిన ప్రతిసారీ టైము, ఎన్ని సెకన్లు, ఏం చేస్తుండగా అని టీచర్‌ను రాసి పెట్టమనండి, జీపీకి ఆ కాగితం చాలా పనికొస్తుంది. వినికిడి పరీక్ష కూడా చేయించండి.

మిగిలిన మాత్రలు చెత్తబుట్టలో వేయకుండా దగ్గర్లోని ఫార్మసీలో ఇచ్చేయండి.